అయిదు వస్తువుల పానీయం



శివరాత్రితో చలి శివ శివా అంటూ వెళ్లిపోతుందని మన పెద్దలు అంటారు. ఆ వెళ్లిన చలి చోటులోకి ఎండ వచ్చి కూర్చుంటుంది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని తెలుగువాళ్లం చెప్పుకుంటాం. దానికి కాస్త ముందు వచ్చే రోజులను తమిళ సోదరులు కత్తిరి వెయిల్ అంటారు. ఏ పేరుతో పిలిచినా తిరుత్తణిలోనూ, నగరిలోనూ, గుమ్మిడిపూండిలోనూ, సూళ్లూరుపేటలోనూ కాసేది ఒకే ఎండ. ఆ ఎండలో మనం ఏం తాగుతున్నాం, ఇంటికి వచ్చినవారికి ఏం ఇస్తున్నాం అన్నది ఈనాటి ప్రసంగ విషయం. కొన్ని కొలతలు చెబుతాను కనుక ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే మంచిది.

ఈమధ్య పెళ్లిళ్లలో భోజనాల హాలు పక్కనే ఒక బల్ల వేస్తున్నారు. దాని మీద నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగుల పానీయాలు పొడుగాటి గ్లాసుల్లో వరుసగా ఉంటాయి. వాటిని మాక్‌టెయిల్ అంటున్నారు. మద్యం కలిపితే కాక్‌టెయిల్, కలపకపోతే మాక్‌టెయిల్. బడిలో పిల్లలు ఈ మాటలకు అర్థం అడుగుతూ ఉంటారు. పిల్లలు అడిగినప్పుడు తప్పించుకోకుండా చెప్పడమే ఉపాధ్యాయుల పని. చెప్పబోతే ఆ కథ తిరిగి తిరిగి మన కోస్తా తీరానికే చేరుతుంది.

1806 మే నెలలో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊరి పత్రికకు ఒక పాఠకుడు ఇదే ప్రశ్న రాశాడు. కాక్‌టెయిల్ అంటే ఏమిటని. ఏదైనా ఒక సారా, చక్కెర, నీళ్లు, చేదు మూలికల సారం కలిపినదని సంపాదకుడు జవాబిచ్చాడు. అంటే నాలుగు వస్తువులు. అయితే దానికంటే చాలా పాతది మరొక పానీయం ఉంది. దాని పేరు పంచ్.

1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకులు మన తీరానికి వచ్చి పెట్టపోలిలోనూ, మచిలీపట్నంలోనూ వ్యాపారం మొదలుపెట్టారు. పెట్టపోలి అంటే ఈనాటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. 1632 సెప్టెంబరులో ఆ పెట్టపోలిలో ఉన్న కంపెనీ ఉద్యోగికి మరొక ఉద్యోగి రాసిన ఉత్తరంలో పంచ్ అనే మాట కనిపిస్తుంది. ఇంగ్లీషులో ఈ పానీయం పేరుకు దొరికిన తొలి ఆధారాల్లో అది ఒకటి. తరువాత 1670లలో మన దేశానికి వచ్చిన జాన్ ఫ్రయర్ అనే వైద్యుడు, 1698లో అచ్చయిన తన పుస్తకంలో, అయిదు అని అర్థం వచ్చే హిందుస్తానీ మాట నుంచి ఈ పేరు వచ్చిందనీ, అందులో అయిదు వస్తువులు ఉంటాయనీ రాశాడు. పీపాకు వాడే ఒక ఇంగ్లీషు మాట నుంచి వచ్చిందని వాదించేవారూ ఉన్నారు. కానీ పంచామృతం, పంచాంగం, పంచలోహం అని రోజూ పలికే మనకు ఫ్రయర్ మాటే దగ్గరగా అనిపిస్తుంది.

ఆ అయిదు ఏమిటంటే సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, ఏదైనా ఒక సుగంధ ద్రవ్యం. అంటే ఒక ఘాటు, ఒక తీపి, ఒక పులుపు, ఒక పలచన, ఒక వాసన. ప్రపంచంలో ఈనాడు కలిపే పానీయాల్లో ఎన్నో ఈ అయిదింటి చుట్టూనే తిరుగుతాయి.

ఇప్పుడు ఇందులో నుంచి సారాను తీసేద్దాం. ఎందుకు తీసేయాలో మన జిల్లాల వారికి ఎవరూ పెద్దగా చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దుకున్న స్త్రీలు, వర్ధినేని రోశమ్మ వంటివారు, సారా దుకాణం ముందు నిలబడ్డారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధమయింది. ఇక తమిళనాడులో, 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో కల్తీసారా తాగి 60 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. దానికి కారణం మిథనాల్. అది రుచికి, వాసనకు మామూలు సారాలాగే ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు కంటి నరాన్ని, ఆ తరువాత ప్రాణాన్ని తీస్తుంది. పరిశుభ్రమైన మద్యమే అనుకున్నా, అది మూత్రాన్ని పెంచి ఒంట్లో నీటిని బయటికి పంపుతుంది. ఎండాకాలంలో ఒంట్లో నీరు నిలవాలని తాగుతాం గాని, పోవాలని తాగం కదా!

సారా పోగా మిగిలినవి తీపి, పులుపు, నీళ్లు, వాసన. ఘాటు స్థానంలో శొంఠినో మిరియాన్నో పెట్టండి. మీ చేతిలోకి వచ్చిందేమిటి? శ్రీరామనవమి పానకం! అయిదు వస్తువులూ ఉన్నాయి. మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామికి ఏ కాలం నుంచో భక్తులు పోస్తున్నది ఇదే. పోసినదానిలో సగం స్వామి స్వీకరించి సగం ప్రసాదంగా తిరిగి ఇస్తాడని నమ్మకం. తెలుగులో పానకం, తమిళంలో పానగం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాలు అటు, సత్యవేడు ప్రాంతం ఇటు మారినప్పుడు పటంలో గీత మారింది. బెల్లం, శొంఠి మాత్రం రెండు వైపులా అవే ఉండిపోయాయి.

మన వంటిళ్లలో వస్తువులకు లోటు లేదు. లోటల్లా కొలతకే. అమ్మమ్మలు కాసింత, చిటికెడు, చూసి వేసుకో అని చెప్పారు. పక్కన నిలబడి చూసినవారికి అది సరిపోయింది. ఇప్పుడు పక్కన నిలబడి చూసే తీరిక ఎవరికీ లేదు. అందుకే ఒకరోజు తియ్యగా, ఒకరోజు పుల్లగా వచ్చి, ఈ గొడవంతా ఎందుకని అంగట్లో సీసా కొనేస్తున్నాం. కాబట్టి కొలత దగ్గర మొదలుపెడదాం.

ముందు మీ ఇంటి గ్లాసు ఎంతదో తెలుసుకోండి. లీటరు సీసాలోని నీళ్లు పోసి చూడండి. సరిగ్గా 5 గ్లాసులు నిండితే అది 200 మిల్లీలీటర్ల గ్లాసు. టీ చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. మధ్యరకం నిమ్మకాయ ఒకటి పిండితే సుమారు 4 టీ చెంచాల రసం వస్తుంది.

ఇప్పుడు ఒక సూత్రం. కరేబియన్ దీవుల్లో పంచ్ కలిపేవారికి ఒక పాత లెక్క ఉంది. పులుపు 1 పాలు, తీపి 2 పాళ్లు, ఘాటు 3 పాళ్లు, నీళ్లు 4 పాళ్లు. మనం ఘాటైన మద్యాన్ని తీసేశాం కనుక ఆ 3 పాళ్లనూ నీళ్లలోనే కలిపేద్దాం. అప్పుడు లెక్క 1, 2, 7 అవుతుంది. పులుపు 1, తీపి 2, నీళ్లూ ఐసూ కలిపి 7. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి. 1, 2, 7.

ఇక్కడ తీపి అంటే పొడి చక్కెర కాదు, చక్కెర నీరు. ఒక గ్లాసు చక్కెర, ఒక గ్లాసు నీళ్లు పొయ్యి మీద పెట్టి, చక్కెర కరగగానే దించేయండి. తీగ పాకం రానక్కరలేదు. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచితే వారం రోజులు వాడుకోవచ్చు. చల్లని నీళ్లలో చక్కెర త్వరగా కరగదు. గ్లాసు అడుగున మిగిలిపోతుంది. చక్కెర నీరయితే చిటికెలో కలిసిపోతుంది. ఒక గ్లాసుకు 4 చెంచాల నిమ్మరసం, 8 చెంచాల చక్కెర నీరు, మిగిలినదంతా నీళ్లూ ఐసూ. తీపి తక్కువ కావాలనుకునేవారు 1, 1, 8 లెక్కన కలుపుకోండి. మధుమేహం ఉన్నవారు తీపి వదిలేసి ఉప్పు నిమ్మరసం తాగవచ్చు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయంలో తమ డాక్టరు మాట వినాలి.

మరి నాలుగు చిన్న విషయాలు. మొదటిది, చల్లదనం తీపిని తగ్గించి చూపిస్తుంది. గది వేడిలో సరిపోయిన తీపి ఐసు వేశాక చప్పబడుతుంది. అందుకని ఐసు వేశాకే రుచి చూడండి. రెండవది, చిటికెడు ఉప్పు చేదును అణచి తీపిని పైకి తెస్తుంది. మూడవది, నిమ్మచెక్కను గింజలూ తొక్కా నలిగేలా పిండకండి, చేదు దిగుతుంది. నాలుగవది చాలా ముఖ్యం. పులుపు కలిపిన పానీయాన్ని రాగి, కళాయి లేని ఇత్తడి పాత్రల్లో ఉంచకండి. పులుపు ఆ లోహాన్ని కరిగించి కడుపులోకి పంపుతుంది. స్టీలు, గాజు, మట్టి పాత్రలు మంచివి.

కాక్‌టెయిల్ కలిపేవారు మూత ఉన్న పాత్రలో ఐసు వేసి ఊపడం సినిమాల్లో చూసే ఉంటారు. చల్లబడడానికీ, అన్నీ కలవడానికీ, కాస్త నురుగు రావడానికీ అలా చేస్తారు. మనకు ఆ పరికరం అక్కరలేదు. చెన్నైలో కాఫీని డబరాకూ గ్లాసుకూ మధ్య ఎత్తి తిరగపోస్తారే, అలా నాలుగుసార్లు తిరగపోస్తే చాలు.

ఇక రుతువులవారీగా చూద్దాం.

ఉగాది తరువాత శ్రీరామనవమికి పానకం. లీటరు నీళ్లకు 150 గ్రాముల బెల్లం. బెల్లాన్ని ముందు కొద్ది నీళ్లలో కరిగించి గుడ్డలో వడకట్టండి. మట్టీ చెరకు పీచూ పోతాయి. అందులో ఒక నిమ్మకాయ రసం, అర టీ చెంచా శొంఠిపొడి, పావు టీ చెంచా మిరియాల పొడి, దంచిన ఏలకులు 4, చిటికెడు ఉప్పు. ఏలకులను చివరలోనే దంచి వేయండి. వాసన గాలిలో కలిసిపోయే గుణం కలది. ముందే దంచిపెడితే ఆ పరిమళం వంటింటికి దక్కుతుంది గాని గ్లాసుకు దక్కదు. ఇందులో పులుపు 1, 2, 7 లెక్కకంటే తక్కువ. ఆ లోటును శొంఠి, మిరియాలు తీరుస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయ. చిత్తూరు, తిరుపతి వైపు తోటల్లో విస్తారంగా కాసేది తోతాపురి. దీన్నే మనలో కొందరు బెంగుళూరా అనీ, కొందరు కలెక్టరు కాయ అనీ అంటారు. తమిళంలో కిళిమూక్కు, అంటే చిలకముక్కు. ముదిరిన పచ్చికాయ ఒకటి కడిగి, మెత్తబడే వరకు ఉడికించి గుజ్జు తీయండి. గ్లాసు గుజ్జుకు గ్లాసు బెల్లం తురుము, ఒక టీ చెంచా ఉప్పు, ఒక టీ చెంచా వేయించిన జీలకర్ర పొడి కలిపి సీసాలో పెట్టుకోండి. ఎండలో తిరిగి వచ్చినవారికి పెద్ద చెంచాతో 3 చెంచాల గుజ్జు గ్లాసులో వేసి చల్లని నీళ్లు పోసి ఇవ్వండి. కాయ పులుపును బట్టి బెల్లం హెచ్చుతగ్గులు చేసుకోవాలి.

మజ్జిగకు కాలంతో పని లేదు. ఒక పాలు పెరుగు, మూడు పాళ్లు నీళ్లు. బాగా చిలికి వెన్న తీసేయండి. లీటరు మజ్జిగకు అర టీ చెంచా ఉప్పు, నలగ్గొట్టిన అల్లం చిన్న ముక్క, ఒక పచ్చిమిరపకాయ, కరివేపాకు, చిటికెడు ఇంగువ. నిమ్మాకో దబ్బాకో తుంచి వేస్తే దాని అందమే వేరు. తమిళంలో ఇదే నీర్మోర్. చలివేంద్రాల్లోనూ, తమిళనాట తణ్ణీర్ పందళ్లలోనూ దాహం తీర్చేది ఇదే.

సుగంధి పాల వేరు గురించి రాయలసీమవారికి నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. రెండు భాషల్లోనూ దీన్ని నన్నారి అంటారు. వేరు విరిస్తే వచ్చే ఆ వాసనకు మూలమైన పదార్థం, ఐస్‌క్రీముల్లో మనకు తెలిసిన వనిల్లా వాసనకు కారణమైన పదార్థానికి అన్నదమ్ముల వరస. రెండింటిలోనూ అణువులో ఉండే పరమాణువులు అవే, వాటి అమరిక మాత్రమే వేరు. 50 గ్రాముల వేళ్లను బాగా కడిగి, నలగ్గొట్టి, మధ్యలోని గట్టి పుల్లను తీసేయండి. పైబెరడును లీటరు మరిగించిన నీళ్లలో వేసి మూతపెట్టి రాత్రంతా ఉంచండి. వేళ్లను ఎక్కువసేపు మరిగించకూడదు, వాసన పోతుంది. ఉదయం వడకట్టి, ఆ నీటిలో కిలో చక్కెర వేసి కరిగి కాస్త చిక్కబడేదాకా కాచి, ఒక నిమ్మకాయ రసం కలిపి దించండి. గ్లాసుకు పెద్ద చెంచాతో 2 చెంచాల నన్నారి, అర చెక్క నిమ్మరసం, చల్లని నీళ్లు లేదా సోడా. అంగళ్లలో అమ్మే సీసాల్లో వేరు ఎంత, రంగూ ఎసెన్సూ ఎంత అన్నది సీసా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చదివి కొనండి. ఇంట్లో కాచినదానికి లేత గోధుమ రంగు మాత్రమే వస్తుంది. నల్లగా నిగనిగలాడితే అందులో వేరు కాకుండా ఇంకేదో ఉన్నట్టే.

వానాకాలం. మనకు నైరుతి వానలకంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాల వానలే ఎక్కువ. అప్పుడు శొంఠి కాపీ. తమిళంలో సుక్కు కాపీ. పేరు కాపీయే గాని ఇందులో కాఫీ గింజ వెయ్యకపోయినా ఫరవాలేదు. 3 గ్లాసుల నీళ్లలో టీ చెంచా శొంఠిపొడి, 2 టీ చెంచాల ధనియాలు, 6 మిరియాలు నలగ్గొట్టి వేసి, చిన్న ముక్క తాటిబెల్లం కలిపి, 2 గ్లాసులు అయ్యేదాకా మరిగించి వడకట్టండి. తాటిబెల్లాన్నే వారు కరుప్పట్టి అంటారు.

కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు చేస్తాం. ఆ చెట్టు కాయలు 4 తీసుకుని గింజలు తీసి, చిన్న అల్లం ముక్కతో రుబ్బి, 3 గ్లాసుల నీళ్లలో కలిపి వడకట్టండి. తగినంత బెల్లం, చిటికెడు ఉప్పు. ఉసిరిలో పులుపుతోపాటు వగరు ఉంటుంది కనుక ఇక్కడ ఉప్పు మరిచిపోకూడదు.

ఇప్పుడు ఐసు సంగతి. చెన్నై మెరీనా తీరాన ఈనాడు వివేకానంద ఇల్లం అని పిలుచుకునే గుండ్రటి భవనాన్ని పాతకాలం వారు ఐస్ హౌస్ అంటారు. అమెరికాలో బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోయించి, ఓడల్లో సముద్రాలు దాటించి తెచ్చి, 1842లో కట్టిన ఆ భవనంలో నిలవచేసి అమ్మించాడు. అంత దూరం నుంచి వచ్చిన మంచు దొరలకూ ధనికులకూ మాత్రమే అందింది. ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఐసు దొరుకుతుంది. కాని ఆ ఐసంతా తాగడానికి చేసినది కాదు. చేపలు చెడకుండా వేసే దిమ్మలకు వాడే నీళ్లు వేరు. అందుకే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో, తినడానికి పనికిరాని ఐసుకు నీలిరంగు కలపాలని నిర్ణయించింది. నీలి ఛాయ కనిపించే ఐసు మీ గ్లాసులోకి రానివ్వకండి. అన్నిటికంటే క్షేమం, కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లో చేసుకున్న ఐసు. అదీ లేకపోతే కొత్త కుండలో నీళ్లు చాలు.

ఇంతవరకు రుచి కోసం కొలత గురించి చెప్పుకున్నాం. ఇక ప్రాణం కోసం కొలత గురించి చెప్పుకోవాలి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. సరిహద్దు ఊరయిన బొంగావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. నరాల ద్వారా ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు నీళ్లలో కొలత ప్రకారం డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి పాతిక, ముప్పై మంది పోతున్న చోట, ఆయన వైద్యంలో ఉన్నవారిలో మరణాలు నూటికి నాలుగు లోపుకు తగ్గాయి. 2022లో ఆయన కన్నుమూశారు. 2023లో మన ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇది ఎలా పనిచేసింది? మన పేగుల గోడలో ఉప్పులోని సోడియం, గ్లూకోజు చేయీచేయీ పట్టుకుని లోపలికి వెళ్లే దారి ఒకటి ఉంది. అవి రెండూ వెళ్తే వాటి వెనుక నీళ్లు వెళ్తాయి. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. కానీ రెండూ తగిన పాళ్లలో ఉండాలి. చక్కెర ఎక్కువైతే అది పేగుల్లోకే నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ఉప్పు ఎక్కువైతే చిన్నపిల్లలకు ప్రమాదం. చూశారా, పంచ్ కలిపినా, పానకం కలిపినా, ప్రాణం నిలిపే నీళ్లు కలిపినా దినుసులు దగ్గరివే. తేడా అంతా కొలతలోనే ఉంది.

కాబట్టి బిడ్డకు విరేచనాలు అవుతుంటే పైన చెప్పిన తియ్యని పానీయాలేవీ ఇవ్వకండి. సోడాలు, డబ్బా పండ్లరసాలు అసలే వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్ పొట్లం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మందుల షాపులో దొరుకుతుంది. పొట్లం మీద రాసినన్ని నీళ్లే పోయాలి. పెద్ద పొట్లానికి సాధారణంగా లీటరు. సగం పొట్లం, సగం గ్లాసు అంటూ ఉజ్జాయింపుగా కలపకూడదు. పొట్లం దొరికేలోపు ఇంట్లో కలపవలసివస్తే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, తల గీసిన టీ చెంచాతో 6 చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు. మళ్లీ చెబుతున్నాను. లీటరు నీళ్లు, 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. కొద్దికొద్దిగా తాగించాలి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. తల్లిపాలు ఆపకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొంతకాలం ఓఆర్‌ఎస్ అనే అక్షరాలు పేరులో చేర్చుకుని, చక్కెర చాలా ఎక్కువగా ఉన్న రంగు పానీయాలు మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, అటువంటి పానీయాల మీద ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఆదేశం వచ్చినా చదివే కన్ను మనదే కావాలి. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉందో లేదో చూడండి. చదువు రాని ఇరుగుపొరుగు ఉంటే వారికి చదివి పెట్టండి.

మరొక మాట. ఎండదెబ్బ తగిలి స్పృహ తప్పినవారి నోట్లో ఏ పానీయమూ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు చల్లి విసురుతూ, వెంటనే 108కి ఫోన్ చేయండి. సరిహద్దుకు ఇటూ అటూ అదే నంబరు. స్పృహలో ఉండి, మింగగలిగినవారికే మజ్జిగయినా, ఓఆర్‌ఎస్ అయినా.

ఈ వేసవిలో ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవారు ఎవరైనా ఉంటే వారి చేత పానకమో, మామిడికాయ నీళ్లో కలిపించండి. వారు చేత్తో వేసే ప్రతి దినుసునూ మీరు చెంచాతో కొలిచి మీ అమ్మాయి చేతా అబ్బాయి చేతా నోటు పుస్తకంలో రాయించండి. పిల్లలు తెలుగులో రాస్తే తెలుగులో, తమిళంలో రాస్తే తమిళంలో. రెండూ వస్తే రెండు పేర్లూ పక్కపక్కన. ఆ పుట చివర లీటరు నీళ్లు, 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు అన్న లెక్క కూడా పెద్ద అక్షరాలతో రాయించి వంటింటి తలుపు లోపలి వైపు అంటించండి. అర్ధరాత్రి బిడ్డకు అవసరమైనప్పుడు వెతుక్కోనక్కరలేకుండా కంటి ముందే ఉంటుంది.